వరద తగ్గాక చెప్పే కబురు ఎలా ఉండాలి?

సంపాదకుల వారికి,
నమస్కారం.

అక్టోబరు వచ్చిందంటే చెన్నైలోని తెలుగు ఇళ్లకు నెల్లూరు నుంచో, విజయవాడ నుంచో, శ్రీకాకుళం నుంచో ఫోన్లు మొదలవుతాయి. "మీ వైపు వానలెలా ఉన్నాయి?" ఈశాన్య రుతుపవనాల మూడు నెలలూ ఈ ప్రశ్న ఆగదు. దానికి జవాబు వేళకు అందకపోతే ఇటువారి మనసూ అటువారి మనసూ ఏమవుతాయో, అందడానికి ఎవరేం చేయవచ్చో మీ పత్రిక ద్వారా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. విపత్తు తర్వాత అన్నం పొట్లాలు ఎన్ని పంచారో, పడవలు ఎన్ని తిప్పారో లెక్క రాస్తారు. బాధితులకు ఏ సమాచారం ఎప్పుడు, ఏ భాషలో చెప్పారో మాత్రం ఏ రిజిస్టర్లోనూ కనబడదు. శిబిరాల్లో కనిపించే నిద్రలేమి, చిరాకు, గొడవలు, ఉలికిపాట్లు చాలావరకు ఈ లోపం వల్ల ముదిరేవే.

ముందు ఒక విషయం తేటగా చెప్పుకోవాలి. వరదలో చిక్కుకుని బయటపడ్డ మనిషి కొన్ని వారాలపాటు సరిగా నిద్రపోకపోవడం, వాన చప్పుడు వింటే గుండె దడదడలాడటం, జరిగిందే పదిసార్లు చెప్పడం, అయినదానికీ కానిదానికీ కసురుకోవడం జబ్బు కాదు. పిల్లలు పక్క తడపడం, తల్లి కొంగు వదలకపోవడం కూడా అంతే. ఎక్కువమంది డాక్టర్ దాకా వెళ్లకుండానే కోలుకుంటారు. అందుకు ఏం కావాలో 2007లో ఈ రంగపు నిపుణులు అప్పటిదాకా జరిగిన పరిశోధనలను వడపోసి ఐదు సంగతులు చెప్పారు. ఇక ప్రమాదం లేదన్న నమ్మకం, మనసు నెమ్మదించడం, తన చేతనైన పని కొంత ఉందన్న ధైర్యం, అయినవాళ్లతో రాకపోకలు, రేపటి మీద ఆశ. ఈ ఐదూ మందుల దుకాణంలో దొరికేవి కావు. ఎవరో ఒకరు వచ్చి సరైన మాట చెబితేనే మొదలవుతాయి. ప్రమాదం తప్పిందని ఎవరూ చెప్పనంతవరకూ ఒళ్లు ప్రమాదంలో ఉన్నట్టే పనిచేస్తుంటుంది. కండరాలు బిగిసి ఉంటాయి, చెవి గుమ్మం వైపే ఉంటుంది, నిద్ర పట్టదు.

2015 డిసెంబరు 1న తాంబరంలో ఒక్కరోజులో 49 సెంటీమీటర్ల వాన పడింది. చెంబరంబాక్కం చెరువు నుంచి సెకనుకు సుమారు 29 వేల ఘనపుటడుగుల నీళ్లు వదిలారు. అడయార్ నది పొంగి కోట్టూర్‌పురం, సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట వంటి ప్రాంతాలను ముంచింది. విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది. పనివాళ్లు ముద్రణాలయానికి చేరలేక, 1878 నుంచి నడుస్తున్న ఇంగ్లిషు దినపత్రిక ఒకటి తొలిసారి ఆ మర్నాడు అచ్చు కాలేదు. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. మేడ మీద ఉన్నవాళ్లకు నీళ్లు ఇంకా పెరుగుతాయో తగ్గుతాయో తెలియదు. ఊళ్లో ఉన్నవాళ్లకు వీళ్లు బతికున్నారో లేదో తెలియదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఇదే తిరగబడింది. చెన్నైలో ఐటీ కంపెనీలున్న ఓఎంఆర్ రోడ్డులో పనిచేసే పిల్లలు ఇక్కడ, సింగ్‌నగర్‌లో తల్లిదండ్రులు అక్కడ. నీళ్లలో ఉన్నవారి బాధ అందరికీ తెలుస్తుంది. దూరాన కూర్చుని ఫోన్ చేతిలో పట్టుకున్నవారి బాధ ఎవరి లెక్కలోకీ రాదు.

ఫోన్లు ఎందుకు ఆగిపోతాయో తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. కరెంటు పోయాక టవర్ బ్యాటరీ మీద కొన్ని గంటలే నడుస్తుంది. ఆ పైన జనరేటర్, దానికి డీజిల్. వీధిలో నడుంలోతు నీళ్లుంటే డీజిల్ క్యాన్ మోసుకొచ్చేవారు ఉండరు. జనరేటర్ నేల మీదే ఉంటే అదీ మునుగుతుంది. టవర్ నిలబడినా, దానికి వచ్చే ఫైబర్ కేబుల్ ఎక్కడో తెగితే లాభం లేదు. 2016 డిసెంబరు 12న వర్దా తుపానుకు చెట్లు, స్తంభాలు కూలినప్పుడు కేబుళ్లు కూడా తెగాయి. ఇక పనిచేస్తున్న ఒకటీ అరా టవర్ మీద ఊరంతా ఒకేసారి ఫోన్ చేస్తే కాల్ కలవదు. అంటే ఫోన్ కలవకపోవడం టవర్ గురించిన వార్త, మనిషి గురించిన వార్త కాదు. ఈ ఒక్క ముక్క మీ పత్రిక ప్రతి అక్టోబరులో అచ్చు వేసినా ఎన్నో ఇళ్లలో ఎందరో ఆ రాత్రి కాస్త కళ్లు మూస్తారు.

కాల్ కలవనిచోట ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం ఎక్కువ. దానికి కావలసిన జాగా చాలా తక్కువ, సిగ్నల్ దొరికిన క్షణంలో జారుకుంటుంది. ప్రతి ఇంటివాళ్లూ వానలకు ముందే ఒక పని చేసి ఉంచుకోవాలి. చెన్నై బయట ఉన్న ఒక్క బంధువును కబురు కేంద్రంగా పెట్టుకోవాలి. ఒంగోలులో పిన్నిగారో, తిరుపతిలో బావగారో ఎవరైనా సరే. ఇక్కడివారు ఆ ఒక్కరికే మెసేజ్ పంపుతారు, మిగతా బంధువులంతా ఆ ఒక్కరినే అడుగుతారు. ఇలా అనుకోకపోతే ఏమవుతుందంటే, ఇరవైమంది ప్రేమకొద్దీ ఫోన్ చేస్తారు, చివరి పది శాతం చార్జింగ్ ఆ మోతకే అయిపోతుంది, ఆ తర్వాత ఆ ఇరవైమందీ ఏడుస్తూ కూర్చుంటారు.

మెసేజ్ ఇలా ఉంటే చాలు: "నలుగురం క్షేమం. వేళచ్చేరి ఇంట్లోనే రెండో అంతస్తులో ఉన్నాం. తాగేనీళ్లు రెండు రోజులకు ఉన్నాయి. నాన్న బీపీ మాత్రలు మూడు రోజులకే ఉన్నాయి. ఫోన్ ఆపేస్తున్నాం. రేపు ఉదయం 8కి మళ్లీ మెసేజ్." ఇందులో ప్రతి ముక్కకూ పని ఉంది. 'నలుగురం' అనడంతో ఒక్కొక్కరి పేరూ అడగాల్సిన అవసరం పోతుంది. చోటు చెప్పడం వల్ల పడవ రావాల్సి వస్తే ఎక్కడికో తెలుస్తుంది. ఉన్నదీ లేనిదీ చెబితే దూరాన ఉన్నవారికి చేయడానికి ఒక పని దొరుకుతుంది, మాత్రల కోసం ఎవరికో చెప్పి పంపుతారు. పని దొరికిన మనిషికి దిగులు కొంత తగ్గుతుంది. అన్నింటికంటే విలువైనది చివరి మాట. రేపు ఎనిమిది గంటలు అని తెలిశాక ఇద్దరూ రాత్రికి ఫోన్ పక్కన పెట్టగలరు.

దీనికి ఒక జాగ్రత్త ఉంది. ఎనిమిదికి మెసేజ్ రాకపోతే ఏమనుకోవాలో కూడా ముందే అనుకుని ఉండాలి. "ఉదయం రాకపోతే సాయంత్రం 6 దాకా ఆగాలి, అప్పుడూ రాకపోతేనే తమిళనాడు కంట్రోల్ రూమ్‌కు ఫోన్" అని మాట చేసుకోవాలి. లేదంటే మంచికి పెట్టుకున్న గడువే ఎనిమిది దాటిన మరునిమిషం నుంచి నరకం చూపిస్తుంది. పవర్‌బ్యాంక్ పదివేల ఎంఏహెచ్‌ది ఉంటే స్మార్ట్‌ఫోన్ ఒకసారి పూర్తిగా నిండి ఇంకా కొంత మిగులుతుంది. ఇంట్లో పాత బటన్ ఫోన్ ఉంటే పారేయవద్దు, అదే చార్జింగ్‌తో రోజుల తరబడి నడుస్తుంది. పాతకాలపు రాగితీగ ల్యాండ్‌లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే వస్తుంది కాబట్టి ఇంట్లో కరెంటు పోయినా మోగుతుంది. ఫైబర్ ల్యాండ్‌లైన్ అలా కాదు, ఇంట్లోని పెట్టెకు కరెంటు ఉండాలి. ఈ తేడా తెలియక ల్యాండ్‌లైన్ ఉందిగా అన్న ధీమాతో ఉండేవారు చాలామంది.

జపాన్‌లో 1995 నాటి కోబె భూకంపం తర్వాత ఇదే కష్టాన్ని గమనించి 1998లో 171 అనే నంబర్ పెట్టారు. విపత్తు వచ్చినప్పుడు ఆ నంబర్‌కు చేసి, ఒకటి నొక్కి, ఇంటి ఫోన్ నంబర్ కొట్టి, 30 సెకన్ల మాట రికార్డు చేయవచ్చు. దూరాన ఉన్నవారు రెండు నొక్కి అదే ఇంటి నంబర్ కొట్టి వింటారు. ఇద్దరూ ఒకే సమయంలో లైన్లో ఉండక్కరలేదు, అందులోనే దాని సుళువంతా ఉంది. మనకు అలాంటి నంబర్ వచ్చేదాకా ఇంటింటా కబురు కేంద్రమే దిక్కు. 2004 సునామీ నాడు అండమాన్‌లో లైన్లన్నీ పోయినప్పుడు, అప్పటికే పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న హైదరాబాద్ జాతీయ హామ్ రేడియో (లైసెన్సుతో సొంత వైర్‌లెస్ సెట్ల మీద మాట్లాడుకునే పద్ధతి) సంస్థ బృందమే బతికినవారి క్షేమ సమాచారం బయటికి చేరవేసింది. చెన్నైలోనూ హామ్ లైసెన్సు ఉన్నవారు ఉన్నారు. వార్డుల వారీగా వారి జాబితా కార్పొరేషన్ కంట్రోల్ రూమ్‌లో ఉంటే బాగుంటుంది.

ఇప్పుడు అధికారుల ప్రకటనల సంగతి. "ప్రజలు భయాందోళనలకు గురికావద్దు, వదంతులు నమ్మవద్దు" అనే వాక్యం ప్రతి విపత్తులోనూ వస్తుంది, ఒక్కరి భయాన్నీ తగ్గించదు. భయపడవద్దన్నవారు ఏదో దాస్తున్నారన్న అనుమానమే పెరుగుతుంది. అలాగే "చెరువు నుంచి ఇన్ని క్యూసెక్కులు వదిలారు" అన్న మాట ఇంజనీరుకు అర్థమవుతుంది గానీ, సైదాపేటలో నది ఒడ్డున ఉన్న ఇల్లాలికి తన గుమ్మం మునుగుతుందా లేదా అన్నది చెప్పదు. ఆమెకు కావలసినవి నాలుగు మాటలు. మాకు తెలిసింది ఇది, ఇంకా తెలియనిది ఇది, మీరు చేయవలసింది ఇది, మళ్లీ చెప్పేది ఇన్ని గంటలకు. మచ్చుకు: "రాత్రి 10 గంటలకు చెరువు గేట్లు ఇంకాస్త ఎత్తుతున్నాం. మీ వీధికి నీళ్లు ఎంత ఎత్తు వస్తాయో ఇంకా చెప్పలేం. నేల అంతస్తువాళ్లు 9 లోపు కార్పొరేషన్ స్కూల్‌కు రండి, మాత్రలు, రేషన్ కార్డు, ఆధార్ తెచ్చుకోండి. మళ్లీ 11 గంటలకు చెబుతాం."

రెండో మాట, అంటే ఇంకా తెలియనిది ఒప్పుకోవడం, అధికారులకు అన్నిటికంటే కష్టం. కానీ దాని వల్లే నమ్మకం పుడుతుంది. ఇక పదకొండు గంటలకు కొత్త విషయం ఏమీ లేకపోయినా పదకొండుకు చెప్పి తీరాలి. "కొత్తగా ఏమీ లేదు, నీళ్లు పదింటికి ఎక్కడ ఉన్నాయో అక్కడే ఉన్నాయి, మళ్లీ ఒంటిగంటకు" అన్నా చాలు. వేళ తప్పితే ఆ ఖాళీలోకి వదంతి వచ్చి కూర్చుంటుంది. 2015లో చెన్నై దగ్గర మొసళ్లను పెంచే క్రోకడైల్ బ్యాంక్ నుంచి మొసళ్లు తప్పించుకున్నాయని, నాసా ఇంకా పెద్ద వాన చెప్పిందని తిరిగిన మెసేజ్‌లు అలా వచ్చినవే. 2018 ఆగస్టులో కేరళలో ముల్లపెరియార్ ఆనకట్ట పగిలిందన్న ఆడియో కూడా అంతే. అప్పటికే ఇల్లు మునిగి శిబిరంలో పిల్లలతో పడుకున్నవారికి అటువంటి మెసేజ్ ఒకటి వస్తే ఆ రాత్రికి నిద్ర ఉండదు. వదంతిని ఖండించేటప్పుడు కూడా ముందు నిజం చెప్పాలి, వదంతిని ఒక్కసారి మాత్రమే చెప్పాలి, మళ్లీ నిజంతో ముగించాలి. మీ పత్రికలో "ఆనకట్ట పగిలిందా?" అని పెద్ద అక్షరాల శీర్షిక పెట్టి కింద చిన్న అక్షరాల్లో కాదని రాస్తే, చూసినవారికి శీర్షికే గుర్తుంటుంది.

భాష సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చెన్నైలో హెచ్చరికలు తమిళంలో, ఇంగ్లిషులో వస్తాయి. అది సహజమే. కానీ ఇక్కడి తెలుగువారు ఒకే రకం కాదు. ఉత్తర చెన్నైలో తరతరాలుగా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలున్నాయి. పారిశుధ్య పనుల్లో ఉన్నవారు వీరిలో చాలామంది. వారికి తెలుగు చెవికి వస్తుంది, కంటికి రాదు, అక్షరాలు తమిళంలోనే నేర్చారు. ఇటు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కట్టడం పనులకు వచ్చినవారికి తమిళం రాదు, చదువు కూడా అంతంతమాత్రం. 2014 జూన్‌లో మౌళివాక్కంలో కూలిన పదకొండు అంతస్తుల భవనం కింద ఆ జిల్లాల వారు ఎంతమంది పోయారో మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అది ప్రకృతి విపత్తు కాదు గానీ, ఊళ్లో ఉన్నవారికి కబురు అందడంలో ఉండే కష్టం అదే. కాబట్టి కరపత్రం కంటే గొంతు మేలు. నలభై సెకన్లు దాటని తెలుగు వాయిస్ మెసేజ్, పైన చెప్పిన నాలుగు మాటలతో, మొదట్లోనే తేదీ, గంట చెప్పి. తేదీ చెప్పకపోతే నిన్నటి హెచ్చరిక రేపు కూడా వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. మైకు ఆటోలో చెప్పేటప్పుడు ఆటో నడుస్తూ ఉంటే మాట చెదిరిపోతుంది. ప్రతి మూలా ఆగి, ఇంజన్ ఆపి, చిన్న వాక్యాలుగా రెండుసార్లు చెప్పాలి.

తప్పిపోయినవారి జాబితాల్లో జరిగే చిక్కు ఒకటి ఎవరూ పట్టించుకోరు. తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం. ప, బలకూ అంతే, త, దలకూ అంతే. బాలయ్య అని చెబితే శిబిరం గుమస్తా తమిళంలో రాసుకుంటారు, దాన్ని చూసి మరొకరు ఇంగ్లిషులోకి ఎక్కించేటప్పుడు పాలయ్య అవుతాడు. పైగా తమిళనాట పేరు ముందు తండ్రి పేరు పొడి అక్షరం ఉంటుంది, మనవారు ఇంటిపేరు చెబుతారు. ఊరి నుంచి వచ్చిన కొడుకు బాలయ్య పేరు వెతుకుతాడు, దొరకదు. మనిషి రెండు వీధుల అవతల శిబిరంలో క్షేమంగా ఉంటాడు, ఇటు కొడుకు ఆస్పత్రులు, మార్చురీలు తిరుగుతుంటాడు. అందుకే పేరు ఒక్కటి రాస్తే చాలదు. పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు, మండలం, వయసు, ఫోన్ నంబర్లో చివరి నాలుగు అంకెలు రాసుకోవాలి. వెతికేటప్పుడు ముందు ఊరి పేరుతో, అంకెలతో వెతకాలి. రాసుకున్నది ఆ మనిషికే చదివి వినిపించి సరిచూడాలి. దీనికి అరనిమిషం కంటే పట్టదు.

ఆచూకీ దొరకనివారి ఇంటివాళ్లతో మాట్లాడటం అన్నిటికంటే కష్టమైన పని. పోయారని తెలిస్తే కర్మకాండ ఉంటుంది, ఏడుపు ఉంటుంది, పదకొండో రోజు ఉంటుంది. ఏదీ తెలియకపోతే దుఃఖం మొదలుకాదు, ఆశ వదలదు. ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయేవారు ఉన్నారు. వారితో "తప్పకుండా వస్తాడమ్మా" అనకూడదు, "ఇంక ఆశ వదులుకోండి" అనీ అనకూడదు. ఈరోజు ఎక్కడెక్కడ వెతికారో, రేపు ఎక్కడ వెతుకుతారో, ఎన్నింటికి వచ్చి చెబుతారో అంతే చెప్పాలి. ఆ చెప్పే మనిషి రోజూ ఒక్కరే అయితే మరీ మంచిది. రోజుకొకరు వచ్చి కథ మొదటినుంచి చెప్పమంటే పుండు రేపినట్టే.

మరణవార్త చెప్పే పద్ధతి కూడా నేర్చుకోవలసిందే. నలుగురి మధ్య కాకుండా పక్కకు తీసుకెళ్లాలి, కూర్చోబెట్టాలి, తానూ కూర్చోవాలి. వారికి ఇప్పటికే ఏం తెలుసో ముందు అడగాలి. తర్వాత ఒక్క వాక్యంలో, డొంకతిరుగుడు లేకుండా, చనిపోయారని చెప్పాలి. "పరిస్థితి బాలేదు", "మీరు ధైర్యంగా ఉండాలి" అంటూ సాగదీస్తే వినేవారు ఇంకా బతికే ఉన్నారని అనుకుంటారు, ఆ తర్వాత రెండోసారి కూలిపోతారు. చెప్పాక మాట్లాడకుండా ఉండాలి. అడిగినదానికే జవాబివ్వాలి. తర్వాత శవం ఎక్కడ ఉంది, ఏ కాగితం కావాలి, ఎవరు తోడు వస్తారు చెప్పాలి. వారు వెళ్లేదాకా ఒకరు పక్కనే ఉండాలి. తమిళం వచ్చినవాడు కదా అని పదేళ్ల పిల్లవాడి చేత తల్లికి ఈ వార్త చెప్పించడం చాలాచోట్ల జరుగుతుంది. ఇది ఎట్టి పరిస్థితుల్లోనూ జరగకూడదు.

దీనికి సంబంధించి పత్రికలు చేసే ఒక తప్పు ఉంది. "కుళ్లుతున్న శవాలు, పొంచి ఉన్న అంటువ్యాధులు" అన్న వార్త ప్రతి విపత్తులోనూ కనిపిస్తుంది. ప్రకృతి విపత్తుల్లో చనిపోయినవారి శవాల వల్ల అంటువ్యాధులు పుట్టవని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. ఆ భయంతో హడావుడిగా సామూహిక ఖననాలు చేస్తే గుర్తుపట్టే వీలు పోతుంది, ఇంటివాళ్లకు చివరిచూపు పోతుంది. 2004 డిసెంబరు 26 తర్వాత నాగపట్నం తీరంలో ఆరు వేలమందికి పైగా పోయినచోట సామూహిక ఖననాలు జరిగాయి. ముఖం, దుస్తులు, నగలు, మచ్చలు ఫోటో తీసి, నంబర్ వేసి, ఎక్కడ పూడ్చారో రాసి ఉంచితే కనీసం తర్వాతైనా కుటుంబాలకు ఒక జవాబు దొరుకుతుంది. వ్యాధులు ఎక్కువగా వచ్చేది బతికున్నవారి తాగునీరు కలుషితమైతే. వార్త ఆ నీటి గురించి రాయాలి.

సహాయానికి వచ్చే వాలంటీర్లు మంచి మనసుతోనే కొన్ని మాటలు అంటారు. "ప్రాణాలు దక్కాయి, అదే చాలు", "నీకంటే ఎక్కువ పోగొట్టుకున్నవాళ్లున్నారు", "ఏడవకు, పిల్లలు చూస్తున్నారు", "అంతా రాసిపెట్టి ఉంటుంది". వినేవారికి వీటి అర్థం ఒక్కటే, నీ బాధ ఇక్కడ చెప్పకు అని. చుట్టూ చూడటం, వినడం, కావలసినచోటికి చేర్చడం అనే మూడు పనులే మనసుకు ప్రథమ చికిత్స అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఒక చిన్న మార్గదర్శి వేసింది. చెప్పదలచుకుంటే వినాలి, చెప్పకపోతే తవ్వకూడదు. బాధితులందరినీ ఒకచోట కూర్చోబెట్టి జరిగిందంతా ఒక్క బిగిన చెప్పించే పద్ధతి మేలు చేయదని, కొందరికి కీడు చేస్తుందని తేలింది. అయినా కాలేజీ విద్యార్థులతో ఇప్పటికీ అదే చేయిస్తున్నారు. "ఇప్పుడు మీకు వెంటనే కావలసింది ఏమిటి?" అని అడిగి ఊరుకుంటే చాలు. జవాబు చాలాసార్లు చిన్నదే, చెప్పులు, నాప్‌కిన్లు, కళ్లజోడు, ఊరికి ఒక్క ఫోన్. ఆ ఒక్క ఫోన్ చేయించడం గంటసేపు చేసే ఓదార్పు కంటే ఎక్కువ పనిచేస్తుంది.

నిద్ర పట్టడం లేదంటే శిబిరంలో నిద్రమాత్రలు పంచడం మంచిది కాదు. డయాజెపామ్ వంటి మాత్రలు మొదటి నెలలో ఈ కారణానికి ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. కానీ మందులు ఆగకూడని వారిని మొదటి రోజే గుర్తుపట్టాలి. మూర్ఛకు, స్కిజోఫ్రీనియాకు, బైపోలార్‌కు మాత్రలు వాడేవారి డబ్బాలు వరదలో కొట్టుకుపోతాయి, సిగ్గుతో అడగరు. పాత చీటీ ఫోటో కబురు కేంద్రంలోని బంధువు దగ్గర కూడా ఉంచితే పేరు, మోతాదు వెంటనే తెలుస్తాయి. మరొకటి, రోజూ మద్యం తాగే అలవాటున్నవారికి శిబిరంలో అది ఒక్కసారిగా ఆగిపోతే రెండు, మూడు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, మూర్ఛ, లేనివి కనబడటం మొదలవుతాయి. దాన్ని పిచ్చి అనుకుని కట్టేయడం, గాలి సోకిందనుకుని వదిలేయడం ప్రాణం మీదికి తెస్తుంది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

టీవీ గురించి రెండు మాటలు. 2013లో అమెరికాలోని బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత జరిగిన ఒక అధ్యయనంలో, ఆ వారం రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలే చూసినవారిలో తీవ్ర ఒత్తిడి లక్షణాలు ఘటనా స్థలంలో ఉన్నవారికంటే ఎక్కువగా కనిపించాయి. శిబిరంలో టీవీ పెడితే పొద్దస్తమానం మునిగిన కార్లు, కొట్టుకుపోయే ఇళ్లే తిరుగుతుంటాయి. చిన్నపిల్లలకు అది పాత దృశ్యమని తెలియదు, ప్రతిసారీ కొత్త వరద వచ్చిందనుకుంటారు. ఉదయం అరగంట, రాత్రి అరగంట వార్తలు పెట్టి మిగతా సమయం ఆపేయడం మేలు. పత్రికలూ పాత ఫోటో వేస్తే తేదీ వేయాలి.

నీళ్లు పోయాక రెండో వారం నుంచి ఇంకో రకం బాధ మొదలవుతుంది. పేరు జాబితాలో ఉందా, డబ్బు ఎప్పుడు, ఎవరిని అడగాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తర్వాత తమిళనాడు ప్రభుత్వం చెన్నైలో బాధిత కుటుంబాలకు రూ. 6,000 రేషన్ దుకాణాల ద్వారా ఇచ్చింది. రేషన్ కార్డు ఊళ్లో ఉన్న వలస కుటుంబాలకు ఇటువంటి సందర్భాల్లో ఏ దరఖాస్తు, ఎక్కడ, ఏ తేదీ లోపు అన్నది తెలుగులో చెప్పేవారుండరు. పేరు తీసేస్తే ఎందుకు తీసేశారో కారణం రాతపూర్వకంగా చెప్పాలి, మళ్లీ అడిగే చోటు చెప్పాలి. "రేపు రండి" అని పది రోజులు తిప్పడం వరద కంటే ఎక్కువగా మనిషిని కుంగదీస్తుంది, ఎందుకంటే వరద ఎవరూ కావాలని చేసింది కాదు. నది ఒడ్డు నుంచి పెరుంబాక్కం వంటి దూర ప్రాంతాలకు తరలించిన కుటుంబాల విషయంలోనూ అంతే. ఏ బ్లాకు, ఎప్పుడు, పక్కింటివాళ్లు ఎక్కడికి వెళ్తారు అన్నది ముందే చెప్పి, వీలైతే ఒక వీధివారిని ఒక బ్లాకులో ఉంచితే వారు ఒకరికొకరు ఆసరా అవుతారు.

నెల దాటినా నిద్ర లేకపోవడం, పనికి వెళ్లలేకపోవడం, అన్నం సహించకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం ఉంటే వైద్య సహాయం కావాలి. చచ్చిపోతానన్న మాట నోట వస్తే నెల ఆగనక్కరలేదు, ఆ రోజే. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబర్ 14416. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, డబ్బు కట్టక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు. కీల్పాక్‌లో 1794 నాటి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. అక్కడికి వెళ్లేవారు తమిళం వచ్చిన మనిషిని తోడు తీసుకెళ్లాలి, అయితే ఆ మనిషి ఇంటివాడు కాకుండా ఉంటే మనసులో మాట బయటికొస్తుంది. భర్త ఎదుట భార్య, కొడుకు ఎదుట తండ్రి అన్నీ చెప్పరు.

ఇక మీ పత్రికకు మా విన్నపం. రెడ్ అలర్ట్ వచ్చిన రోజు నుంచి రెండు వారాలపాటు చెన్నై పేజీలో ఒకే చోట, ఒకే కొలతలో ఒక పెట్టె వేయండి. అందులో నాలుగే మాటలు ఉండాలి, తెలిసింది, తెలియనిది, చేయవలసింది, మళ్లీ ఎప్పుడు. కింద అత్యవసర నంబర్ 112, రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070, జిల్లాది 1077, కార్పొరేషన్‌ది 1913, టెలీ మానస్‌ది 14416. వేసే ముందు ప్రతి సాయంత్రం ప్రతి నంబర్‌కూ మీ విలేకరి ఒకసారి ఫోన్ చేసి, ఎత్తుతున్నారో లేదో, తెలుగు తెలిసినవారు ఉన్నారో లేదో చూసి ఆ సంగతి పక్కనే రాయాలి. ఎత్తని నంబర్ అచ్చు వేయవద్దు. ఆపదలో ఉన్నవారు పదిసార్లు చేసి విసిగి, తర్వాత ఏ నంబర్‌నూ నమ్మరు. పత్రిక అచ్చు కాని రోజు కూడా వస్తుంది కాబట్టి అదే పెట్టెను నలభై సెకన్ల గొంతుగా వాట్సాప్‌లో పంపండి. చదివిపెట్టడానికి పెరంబూరు, రాయపురం, పళ్లికరణైల్లో మేం కొందరం ఉన్నాం. సెప్టెంబరులోనే ఒకసారి సరిచూసుకుందాం, ఏ వార్డులో ఎవరి గొంతు, ఎన్ని గంటలకు అన్నది వానలకు ముందే తేలిపోవాలి.

ఇట్లు,
శిబిరాల్లో తెలుగు మాటసాయం చేసే వాలంటీర్లు,
పెరంబూరు, చెన్నై.